దిద్దుకునే విద్య

తెలుగువారి పలుకుబడిలో 'దిద్దడం' అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. పిల్లవాడు ఓనమాలు దిద్దుతాడు. ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడి తప్పులు దిద్దుతాడు. మొదటిది, గీసి ఉన్న గీత మీదే మళ్లీ మళ్లీ వేలు నడపడం. రెండవది, వంకరపోయిన దానిని సరిచేయడం. పైకి వేరువేరుగా కనిపించే ఈ రెండు పనులకూ మన భాష ఒకే మాటను ఇచ్చింది. అభ్యాసం అంటే ఉట్టి పునరావృత్తి కాదనీ, ప్రతి ఆవృత్తిలోనూ ఎంతో కొంత సవరణ ఉండాలనీ ఆ మాట చెప్పకనే చెబుతున్నది. వీధిబడిలో ఇసుక మీద అక్షరం దిద్దిన పిల్లవాడిని త్వరగా దిద్దమని ఎవరూ తొందరపెట్టలేదు. గుండ్రంగా దిద్దమన్నారు. గుండ్రదనం కుదిరిన తరువాత వేగం దానంతట అదే వచ్చింది.

నేటి చదువులలో ఈ క్రమం తలకిందులైంది. ముందు వేగం, తరువాత వీలైతే నేర్పు అన్నది ఇప్పటి పద్ధతి. నెలలో నేర్చుకోవలసినది వారంలో నేర్పుతామనే ప్రకటనలు మన చుట్టూ కోకొల్లలు. ఎన్ని లెక్కలు చేశామన్న సంఖ్యకు ఉన్న గౌరవం, ఆ లెక్కలు ఎలా చేశామన్న ప్రశ్నకు లేదు. ఏ నైపుణ్యమైనా నెమ్మదిగా, ఓపికగా దిద్దుకున్నప్పుడే నిలుస్తుందనీ, తొందరపాటు కాలాన్ని మిగల్చకపోగా ఉన్న కాలాన్ని కూడా తినివేస్తుందనీ నా అభిప్రాయం. ఈ మాటను నిరూపించడానికి సంగీతం, చిత్రలేఖనం వంటి కళలెన్నో సాక్ష్యం ఇస్తాయి. అయినా మనలో చాలామందికి అంతగా పరిచయం లేని ఒక ఆటను ముందుగా పరిశీలిద్దాం. అది గోల్ఫ్.

గోల్ఫ్ స్కాట్లండ్ దేశంలో పెరిగిన ఆట. 1457లోనే అక్కడి పార్లమెంటు ఈ ఆటను నిషేధించింది. దేశరక్షణకు అవసరమైన విలువిద్యను మాని యువకులు గోల్ఫ్‌కు, ఫుట్‌బాల్‌కు అలవాటు పడుతున్నారన్నది నాటి పాలకుల ఫిర్యాదు. భారతదేశానికి ఈ ఆట ఆంగ్లేయులతో వచ్చింది. 1829లో కలకత్తాలో స్థాపించిన గోల్ఫ్ క్లబ్బు బ్రిటిష్ దీవుల వెలుపల గల క్లబ్బులన్నిటిలోకి పాతది. హైదరాబాదులో గోల్కొండ కోటను ఆనుకొని ఉన్న నయాఖిల్లా ప్రాంతంలోనూ, విశాఖపట్నంలోనూ గోల్ఫ్ మైదానాలు ఉన్నాయి. విశాలమైన నేల, విస్తారమైన నీరు, ఖరీదైన సామగ్రి కావలసిన ఆట కనుక ఇది సంపన్నుల వినోదంగానే పేరుపడింది. ఆ పేరులో నిజం లేకపోలేదు. అయితే ఆ ఆట నేర్చుకునే పద్ధతిలో ఉన్న పాఠానికి మాత్రం పేద, ధనిక భేదం లేదు.

ఆట స్వరూపం సులభంగానే అర్థమవుతుంది. నేల మీద కదలకుండా ఉన్న ఒక చిన్న బంతిని 'క్లబ్' అనే పొడవైన కర్రతో కొట్టి, దూరాన ఉన్న గుంటలో పడవేయాలి. బంతి బరువు 46 గ్రాములు మించదు. గుంట వ్యాసం 108 మిల్లీమీటర్లు. పూర్తి మైదానంలో ఇటువంటి గుంటలు 18 ఉంటాయి. అన్నిటినీ ఎవరు తక్కువ దెబ్బలలో పూర్తిచేస్తే వారిదే గెలుపు. క్రికెట్‌లో వలె బంతి మీదికి దూసుకురాదు. కబడ్డీలో వలె ప్రత్యర్థి కాళ్లు పట్టుకోడు. బంతి కదలదు, ఎదురు నిలిచేవారు లేరు, తొందరపెట్టేవారు లేరు. చూసేవారికి ఇంతకంటే తేలికైన ఆట ఉండదనిపిస్తుంది. కాని ఆడినవారందరూ ఇంతకంటే కఠినమైనది లేదని ఒప్పుకుంటారు. ఈ వైరుధ్యానికి కారణం 'స్వింగ్' అనే కదలికలో ఉంది.

క్లబ్బును వెనుకకు ఎత్తి, భుజం మీదుగా తిప్పి, మళ్లీ కిందికి దించి బంతిని తాకించి, ముందుకు సాగనిచ్చే సంపూర్ణ కదలికకు స్వింగ్ అని పేరు. పాదాలు, మోకాళ్లు, నడుము, భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్లు అన్నీ ఒక వరుసలో, ఒకదాని తరువాత ఒకటిగా కదలవలసి ఉంటుంది. ఆరితేరిన ఆటగాడు క్లబ్బును వెనుకకు ఎత్తడానికి సుమారు ముప్పావు సెకను పడుతుంది. పైనుంచి బంతి వరకు దించడానికి సుమారు పావు సెకను మాత్రమే పడుతుంది. ఆ పావు సెకనులోనే క్లబ్బు కొన గంటకు 180 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. క్లబ్బు, బంతి ఒకదానినొకటి తాకి ఉండే సమయం సెకనులో సుమారు రెండువేలవ వంతు. బంతి ఎటు పోవాలో, ఎంత దూరం పోవాలో ఆ రెప్పపాటులో, కాదు, రెప్పపాటులో ఎన్నో వంతులోనే నిర్ణయమైపోతుంది. తాకే సమయంలో దిశ ఒక్క డిగ్రీ తప్పితే, 200 మీటర్ల దూరం చేరేసరికి బంతి మూడున్నర మీటర్లు పక్కకు తొలగుతుంది. గాలి, బంతి సుడి తోడైతే ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ మనం గమనించవలసిన శరీరధర్మం ఒకటి ఉంది. కంటితో చూసిన దానిని మెదడు గ్రహించి, కండరాలకు ఆజ్ఞ పంపి, ఆ ఆజ్ఞ అమలు కావడానికి మనిషికి ఇంచుమించు సెకనులో అయిదవ వంతు కాలం పడుతుంది. క్లబ్బు కిందికి దిగే కాలం పావు సెకను. అంటే దెబ్బ మధ్యలో తప్పు జరుగుతున్నదని తెలిసినా, దానిని ఆలోచించి సరిదిద్దుకునే వ్యవధి ఆటగాడికి దాదాపు ఉండదు. పూర్తివేగంతో కొట్టేటప్పుడు ఎవరూ తమను తాము దిద్దుకోలేరు. అప్పటికి శరీరానికి ఏది అలవాటై ఉందో అదే బయటికి వస్తుంది. మంచి అలవాటైతే మంచి దెబ్బ, చెడు అలవాటైతే చెడు దెబ్బ.

వేగంగా కొట్టేటప్పుడు దిద్దుకోవడం సాధ్యం కాకపోతే, దిద్దుకోవడం ఎప్పుడు? వేగం తగ్గించినప్పుడే. గోల్ఫ్‌లో నెమ్మది సాధనకు ఉన్న విలువ అంతా ఈ ఒక్క సమాధానంలోనే ఉన్నది. ఒక సెకనులో ముగిసే కదలికను పది సెకన్లకు సాగదీసినప్పుడు, అంతవరకు కంటికి అందని తప్పులు ఒక్కొక్కటిగా బయటపడతాయి. బరువు ఏ పాదం మీద ఉన్నదో తెలుస్తుంది. మోచేయి ఎక్కడ వంగుతున్నదో, పట్టు ఎక్కడ బిగుసుకుంటున్నదో, నడుము కంటే ముందుగా చేతులు ఎక్కడ పరుగెడుతున్నాయో తెలుస్తుంది. వేగం తప్పులను కప్పిపుచ్చుతుంది, నెమ్మది వాటిని వెలికితీస్తుంది. అందుకే నెమ్మది సాధన మొదట్లో ఎవరికీ రుచించదు. మన తప్పులను మనకే చూపించే అద్దాన్ని ఇష్టపడేవారు అరుదు కదా!

ఈ సాధన ఎలా సాగుతుందో కొంచెం వివరంగా చూద్దాం. మొదట బంతి ఉండదు. క్లబ్బు పట్టుకోవడం, నిలబడడం మాత్రమే ఉంటాయి. తరువాత నడుము ఎత్తు నుంచి నడుము ఎత్తు వరకు మాత్రమే సాగే చిన్న కదలిక. అది కుదిరిన తరువాత భుజం ఎత్తుకు, ఆపైన పూర్తి స్వింగుకు పెంచుతారు. క్లబ్బును పైకెత్తిన చోట ఒక క్షణం ఆగి, శరీరంలోని ప్రతి భాగం ఉండవలసిన చోట ఉన్నదో లేదో పరిశీలించుకుంటారు. ఒకసారికి ఒక్క దోషం మీదనే దృష్టి నిలుపుతారు. పాదాన్ని సరిచేసే రోజున మణికట్టు సంగతి తలపెట్టరు. ఆ తరువాత బంతిని పెట్టి, పావు వేగంతో, సగం వేగంతో, ముప్పావు వేగంతో కొడతారు. ఏ మెట్టు దగ్గర రూపం చెదిరితే, అక్కడి నుంచి ఒక మెట్టు కిందికి దిగుతారు. శరీరం అలసినప్పుడు ఆపివేస్తారు. అలసిన శరీరం సులువైన దారిని వెతుక్కుంటుంది, ఆ సులువైన దారి తరచుగా తప్పుదారే అవుతుంది.

దీనికి పూర్తిగా భిన్నమైన దృశ్యం సాధనా మైదానాలలో కనిపిస్తుంది. బుట్టెడు బంతులు తెచ్చుకొని, అరగంటలో అన్నిటినీ బలం కొద్దీ బాది, చెమట తుడుచుకుంటూ వెళ్లిపోయేవారు ఉంటారు. వారు శ్రమించలేదని అనలేము. కాని వారు సాధన చేసింది తమ తప్పులనే. పదేపదే చేసిన కదలిక మెదడులోని నాడీమార్గాలలో స్థిరపడుతుంది. అలా స్థిరపరిచేటప్పుడు అది ఒప్పా తప్పా అని మెదడు అడగదు. వందసార్లు చేసిన తప్పు వందరెట్లు గట్టిపడుతుంది. 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెత పిల్లల పెంపకానికే కాదు, అలవాట్లకు కూడా వర్తిస్తుంది.

ఈ సత్యానికి నిలువెత్తు నిదర్శనం అమెరికా దేశపు గోల్ఫ్ క్రీడాకారుడు బెన్ హోగన్. ఆయన 1912లో టెక్సాస్ రాష్ట్రంలో ఒక కమ్మరి ఇంట పుట్టాడు. తొమ్మిదేళ్ల వయసులోనే తండ్రిని కోల్పోయాడు. కుటుంబానికి ఆసరాగా ఉండడం కోసం పదకొండేళ్ల వయసులో, ఆటగాళ్ల క్లబ్బుల సంచులు మోసే కేడీగా పనికి కుదిరాడు. అక్కడే ఆట నేర్చుకున్నాడు. 1930లో, పద్దెనిమిదేళ్లు నిండకముందే, వృత్తి ఆటగాడయ్యాడు. కాని విజయం ఆయనను వరించలేదు. బంతి గమ్యం వైపు బయలుదేరి, చివర ఎడమకు వంగిపోయే దోషం ఆయన ఆటను ఏళ్ల తరబడి పట్టి పీడించింది. చేతిలో డబ్బు అయిపోయి పోటీలు మానుకొని ఇంటికి తిరిగి వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. వ్యక్తిగతంగా ఆయన గెలిచిన మొదటి వృత్తి పోటీ 1940లో జరిగింది. అంటే పదేళ్లు గడిచాయి. ఆ వెంటనే వరుసగా మరో రెండు పోటీలు గెలిచాడు. లోకానికి అది హఠాత్తుగా వచ్చిన విజయంలా కనిపించింది. దాని వెనుక పదేళ్ల దిద్దుబాటు ఉన్నది.

హోగన్ సాధన చేసే తీరు ఆనాటి తోటి ఆటగాళ్లకు వింతగా ఉండేది. పోటీ ముగిసిన తరువాత కూడా సాధనా మైదానంలోనే గడిపేవాడు. స్వింగ్‌ను భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్ని యంత్రం విప్పి చూసినట్లు పరీక్షించేవాడు. ఆయన అతి నెమ్మదిగా, నీటిలో కదులుతున్నట్లుగా స్వింగ్ చేస్తున్న చలనచిత్ర దృశ్యాలను శిక్షకులు నేటికీ విద్యార్థులకు చూపుతుంటారు. 1957లో ఆయన వెలువరించిన ప్రసిద్ధ గ్రంథంలో అయిదు పాఠాలు ఉన్నాయి. మొదటి పాఠమంతా క్లబ్బును ఎలా పట్టుకోవాలన్న దానికే కేటాయించాడు. రెండవ పాఠం ఎలా నిలబడాలన్నది. స్వింగ్ ప్రసంగం మూడవ పాఠంలో గాని రాదు. తొందరపడే పాఠకుడు మొదటి రెండు పాఠాలను దాటవేయాలని చూస్తాడు. గురువుకు మాత్రం పునాది లేని గోడ మీద నమ్మకం లేదు.

1949 ఫిబ్రవరిలో హోగన్ ప్రయాణిస్తున్న కారును ఎదురుగా వచ్చిన బస్సు ఢీకొన్నది. భార్యను కాపాడడానికి ఆయన ఆమెకు అడ్డంగా పడ్డాడు. కటి ఎముక, జత్రుక ఎముక, చీలమండ విరిగాయి. మళ్లీ నడవగలడా అన్నది కూడా సందేహమే అయింది. అటువంటి మనిషి పదహారు నెలల తరువాత, 1950 జూన్‌లో, కాళ్లకు కట్లు కట్టుకొని అమెరికా ఓపెన్ పోటీలో ఆడి గెలిచాడు. 1953లో ఒకే సంవత్సరం మూడు ప్రధాన పోటీలు గెలుచుకున్నాడు. శరీరబలం తగ్గింది, కాని దిద్దుకున్న రూపం చెదరలేదు. బలం మీద ఆధారపడిన ఆట బలంతోపాటే పోతుంది. పద్ధతి మీద ఆధారపడిన ఆట కష్టకాలంలోనూ మనిషిని నిలబెడుతుంది.

ఓటమి ఎదురైనప్పుడు దిద్దుకోవడం ఒక ఎత్తు. గెలుపు మధ్యలో దిద్దుకోవడం మరొక ఎత్తు. టైగర్ వుడ్స్ 1997లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, మాస్టర్స్ పోటీని 12 దెబ్బల ఆధిక్యంతో గెలిచాడు. ప్రపంచమంతా ఆయన స్వింగ్‌ను కొనియాడుతున్నది. ఆయన మాత్రం తన దెబ్బలను చిత్రాలలో చూసుకొని, ఇది చాలాకాలం నిలిచే పద్ధతి కాదని గ్రహించి, శిక్షకుని సహాయంతో దానిని విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. ఆ దిద్దుబాటు కాలంలో విజయాలు తగ్గాయి. 1998లో అమెరికా వృత్తి పోటీలలో ఆయనకు దక్కినది ఒక్కటే గెలుపు. విమర్శలు చెలరేగాయి. ఆయన వెనుదిరగలేదు. 2000లో అమెరికా ఓపెన్‌ను 15 దెబ్బల ఆధిక్యంతో గెలిచాడు. 2001 ఏప్రిల్ నాటికి నాలుగు ప్రధాన పోటీల విజేత స్థానాలూ ఏకకాలంలో ఆయనవే అయ్యాయి. రేపటి మేలు కోసం ఇవాళ్టి మార్కులను వదులుకోగల ధైర్యం అది. మన విద్యార్థులలో, ముఖ్యంగా వారి తల్లిదండ్రులలో, ఈ ధైర్యం ఎంతమందికి ఉన్నదో ఆలోచించవలసి ఉంది.

మన దేశంలోనూ ఇటువంటివారు ఉన్నారు. ఢిల్లీలో కేడీగా జీవితం ప్రారంభించిన అలీషేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. భారతీయ వృత్తి ఆటగాడొకరు ఆ పోటీని గెలవడం అదే మొదటిసారి. కలకత్తా క్లబ్బులో పచ్చికను సంరక్షించే ఉద్యోగి కుమారుడు ఎస్.ఎస్.పి. చౌరాసియా ఆటను చూసి చూసి, తనంతట తానే నేర్చుకొని, 2016లోనూ, 2017లోనూ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. బెంగళూరుకు చెందిన అదితి అశోక్ బంతిని అత్యధిక దూరం కొట్టేవారి కోవకు చెందదు. అయినా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం పొందింది. ఒక్క దెబ్బ తేడాతో పతకం చేజారింది. దూరం లేని లోటును గుంట దగ్గరి సున్నితమైన దెబ్బలతో పూరించుకోవడమే ఆమె ప్రత్యేకత. ఆ సున్నితత్వం బలంతో వచ్చేది కాదు, ఓపికతో వచ్చేది.

ఈ సూత్రం పాశ్చాత్యుల ఆటలకే పరిమితమని అనుకోనక్కరలేదు. మన కర్ణాటక సంగీతంలో దీనిని శతాబ్దాల కిందటే శాస్త్రంగా మలిచారు. పదహారవ శతాబ్దికి చెందిన పురందరదాసు ఏర్పరచాడని చెప్పే అభ్యాసక్రమంలో విద్యార్థి మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలతో ఆరంభిస్తాడు. తరువాత జంట స్వరాలు, ఆపైన అలంకారాలు. ప్రతి పాఠాన్నీ మూడు కాలాలలో పాడాలి. మొదటి కాలంలో నెమ్మదిగా, రెండవ కాలంలో రెట్టింపుగా, మూడవ కాలంలో నాలుగింతలుగా స్వరాలు సాగుతాయి. చేతిలోని తాళం మాత్రం మారదు. స్వరాల వేగం పెరిగినా లయ చెదరకపోవడమే ఇందులోని మర్మం. మొదటి కాలంలో స్వరస్థానం నిలవనివాడు మూడవ కాలంలో పాడితే వినిపించేది సంగీతం కాదు, రొద మాత్రమే. గోల్ఫ్‌లోనూ ఇదే లక్షణం కనిపిస్తుంది. ఎత్తడానికి మూడు వంతులు, దించడానికి ఒక వంతు అన్న నిష్పత్తి ఉత్తమ ఆటగాళ్లలో ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. వేగం మనిషికీ మనిషికీ మారవచ్చు, లయ మారదు. తంజావూరు వీణకూ స్కాట్లండ్ క్లబ్బుకూ మధ్య చుట్టరికం ఏదైనా ఉంటే అది ఈ లయే.

ఆధునిక మనస్తత్వశాస్త్రం కూడా ఈ విషయాన్ని పరిశీలించింది. స్వీడన్ దేశస్థుడైన ఆండర్స్ ఎరిక్సన్, మరి ఇద్దరు సహచరులు బెర్లిన్‌లోని సంగీత విద్యార్థులను అధ్యయనం చేసి 1993లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అత్యుత్తమ వయొలిన్ విద్వాంసులు ఇరవై ఏళ్లు వచ్చేసరికి సగటున పదివేల గంటలకు పైగా ఒంటరి సాధన చేసి ఉన్నారని తేలింది. 2008లో మాల్కం గ్లాడ్‌వెల్ రచన ద్వారా ఈ సంఖ్య లోకమంతటా పాకింది. పదివేల గంటలు గడిపితే ఎవరైనా నిపుణులు అవుతారనే నమ్మకం ప్రబలింది. ఎరిక్సన్ దీనిని అంగీకరించలేదు. గంటల సంఖ్య కాదు, సాధన స్వభావం ముఖ్యమన్నది ఆయన వాదం. నిర్దిష్టమైన లోపాన్ని గుర్తించి, దాని మీదనే మనసు నిలిపి, ఫలితాన్ని వెంటనే పరిశీలించుకుంటూ చేసే సాధనే మనిషిని ముందుకు నడుపుతుంది. అటువంటి సాధనను రోజంతా చేయడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ ఉత్తమ విద్యార్థులు విశ్రాంతికి కూడా తగిన సమయం కేటాయించేవారని అదే అధ్యయనం చెప్పింది. నిద్ర మానుకొని చదవడాన్ని ఘనకార్యంగా భావించే మనం ఈ అంశాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఈ వాదానికి ఆక్షేపణలు లేకపోలేదు. నెమ్మదిగా చేసే కదలిక, వేగంగా చేసే కదలిక ఒకటి కావని, వేగంలో పుట్టే బలాలు నెమ్మదిలో పుట్టవని కొందరు శిక్షకులు అంటారు. ఇది నిజమే. ఎల్లకాలం నెమ్మదిగానే సాధన చేసినవాడు పోటీలో నిలవలేడు. మూడవ కాలం పాడనివాడు గాయకుడు కానట్లే, పూర్తి వేగాన్ని అందుకోనివాడు ఆటగాడు కాడు. నెమ్మది గమ్యం కాదు, దారి మాత్రమే. అయితే దారిని విడిచి గమ్యం చేరినవారు లేరు. మరికొందరు, జన్మతః వచ్చే ప్రతిభ మాటేమిటని అడుగుతారు. సాధన ఒక్కటే నేర్పులోని భేదాలన్నిటికీ కారణం కాదని 2014లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష కూడా తేల్చింది. దీనినీ కాదనలేము. అందరూ హోగన్లు కాలేరు. కాని నిన్నటి తన కంటే నేడు తాను మెరుగుపడడం అందరికీ సాధ్యమే. దేవుడిచ్చిన ప్రతిభ ఎంతన్నది మన చేతిలో లేదు. దానిని దిద్దుకోవడం మాత్రమే మన చేతిలో ఉన్నది.

మూడవ ఆక్షేపణ విద్యార్థులది. పరీక్షలు దగ్గరపడుతుంటే నెమ్మదికి తీరిక ఎక్కడిదని వారి ప్రశ్న. ఇది అన్నిటికంటే బలమైనది కనుక దీనికి జాగ్రత్తగా సమాధానం చెప్పుకోవాలి. ప్రవేశ పరీక్షలో వేగం అవసరమే. నిర్ణీత కాలంలో ప్రశ్నలన్నీ పూర్తిచేయాలి. అయితే పరీక్ష పూర్తివేగంతో కొట్టే దెబ్బ వంటిది. అక్కడ ఎవరూ తమను తాము దిద్దుకోలేరు. అంతకుముందు చేసిన దిద్దుబాటే అక్కడ పనికివస్తుంది. ఒక విద్యార్థి గంటలో యాభై లెక్కలు చేసి, పద్దెనిమిది తప్పి, జవాబుల పట్టిక చూసి మార్కులు వేసుకొని, మరుసటి యాభైకి వెళ్లాడనుకుందాం. ఇంకొక విద్యార్థి పది లెక్కలే చేసి, తప్పిన మూడింటిని మళ్లీ మొదటి నుంచి, అడుగడుగునా ఆగుతూ చేశాడనుకుందాం. ఒకదానిలో గుర్తు మారడం, ఇంకొకదానిలో సూత్రం తప్పుగా గుర్తుండడం, మూడవదానిలో ప్రశ్నను సగమే చదవడం కారణాలని అతడు తెలుసుకున్నాడు. ఆ సాయంత్రానికి మొదటివాడి లెక్కల సంఖ్య పెద్దది. సంవత్సరాంతానికి రెండవవాడి నేర్పు పెద్దది. మొదటివాడు బుట్టెడు బంతులు బాదాడు, రెండవవాడు స్వింగ్ దిద్దుకున్నాడు.

భాష విషయంలోనూ ఇంతే. ఒక పాఠాన్ని పదిసార్లు గబగబా చదవడం కంటే, ఒకసారి ప్రతి వాక్యం దగ్గరా ఆగి, తెలియని మాటకు అర్థం వెతికి, దానితో సొంతంగా ఒక వాక్యం రాసుకోవడం మేలు. ఆ మాట ఇక మరపునకు రాదు. చేతిరాత కుదరని విద్యార్థి పరీక్ష ముందు రోజున వేగంగా రాయడం సాధన చేస్తే లాభం లేదు. రోజుకు ఒక్క పేజీ, నిదానంగా, అక్షరం అక్షరం చూస్తూ రాస్తే నాలుగు నెలలలో దస్తూరి మారుతుంది. ఇందుకు ఖర్చు లేదు, గొప్ప గురువుల అవసరమూ లేదు. కావలసినది తన తప్పును తాను చూడగల నిజాయితీ, అది పోయేవరకు ఆగగల ఓర్పు.

ఇందులో మార్కుల కంటే మించిన విషయం ఒకటి ఉంది. వేగాన్నే విలువగా నేర్చుకున్నవాడికి ఆలస్యం అవమానంగా తోస్తుంది. తోటివారు ముందుకు వెళ్లిపోయారనే బాధ, ఒక పరీక్ష తప్పగానే జీవితమే తప్పిపోయిందనే భ్రమగా మారుతుంది. మన రాష్ట్రాలలో ఫలితాలు వెలువడిన రోజున కొన్ని ఇళ్లలో అలుముకునే విషాదం అందరికీ తెలిసినదే. నెమ్మదిగా దిద్దుకోవడం అలవాటైన మనిషి తప్పును తీర్పుగా చూడడు, సమాచారంగా చూస్తాడు. బంతి ఎడమకు పోయిందంటే తాను పనికిరానివాడని అర్థం కాదు, పట్టు మార్చుకోవాలని అర్థం. పదేళ్లపాటు గెలుపు ఎరుగని హోగన్ తన పద్ధతిని నిందించుకున్నాడే గాని తనను తాను వదులుకోలేదు. పదిహేడేళ్ల వయసులో ఒక సంవత్సరం వెనుకబడడం నష్టమే కావచ్చు. అది పూడ్చుకోలేని నష్టం మాత్రం కాదు. ఈ మాట విద్యార్థులకు చెప్పవలసిన బాధ్యత తల్లిదండ్రులది, ఉపాధ్యాయులది. ఎన్ని మార్కులు వచ్చాయని అడిగే ముందు, ఏ తప్పును దిద్దుకున్నావని అడగడం వారు అలవాటు చేసుకోవాలి.

'నిదానమే ప్రధానం' అని మన పెద్దలు చెప్పిన మాటను సోమరితనానికి సాకుగా వాడుకునేవారు ఉన్నారు. నిదానం అంటే పని వాయిదా వేయడం కాదు. చేస్తున్న పనిలో పూర్తిగా ఉండడం. సోమరి కూడా నెమ్మదిగానే ఉంటాడు, కాని అతడి చూపు పని మీద ఉండదు. సాధకుడి నెమ్మదిలో ప్రతి క్షణం మెలకువ ఉంటుంది. బయటికి ఒకేలా కనిపించే ఈ రెండింటి మధ్య భేదాన్ని ఎవరికి వారే గుర్తించుకోవాలి.

గోల్ఫ్ క్లబ్బు మన చేతికి ఎన్నడూ రాకపోవచ్చు. కాని ప్రతి ఒక్కరి చేతిలోనూ నేర్చుకోవలసిన పని ఒకటి ఉంటుంది. అది లెక్క కావచ్చు, పాట కావచ్చు, మగ్గం కావచ్చు, యంత్రం కావచ్చు. దానిని విడదీసి చూడడం, ఒకసారికి ఒక తప్పును తీసుకోవడం, రూపం కుదిరాక వేగం పెంచడం, చెదిరితే ఒక మెట్టు దిగడం, అలసినప్పుడు ఆగడం అనే క్రమం ఏ పనికైనా ఒక్కటే. ఆ క్రమాన్ని పాటించేవారికి చదువు భారం కాదు. ప్రతిదినం కొంచెం మెరుగుపడుతున్నామనే తృప్తి వారికి తోడుగా ఉంటుంది. మనకు మొదటి అక్షరం దిద్దించినవారు మన వేలు పట్టుకొని నెమ్మదిగానే నడిపించారు. ఇప్పుడు ఆ వేలు పట్టుకోవలసినది మనమే.